గుడిలా కట్టని బ్యాంకు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒవటోనా అని ఒక చిన్న ఊరుంది. మినియాపొలిస్ నుంచి ఐ-35 హైవే మీద దక్షిణంగా గంట ప్రయాణం. మినియాపొలిస్, సెయింట్ పాల్‌లను కూడా హైదరాబాద్, సికింద్రాబాద్‌ల మాదిరే జంట నగరాలంటారు. అక్కడ ఉండే తెలుగువాళ్ళు డిమోయిన్ వైపు కారులో వెళ్తే ఈ ఊరి పక్కనుంచే పోతారు. ఆగితే పెట్రోలు కోసమో కాఫీ కోసమో ఆగుతారు. ఊళ్ళోకి నాలుగు నిమిషాలు లోపలికి పోతే ఒక పార్కు, ఆ పార్కుకు ఎదురుగా వీధి మూల మీద ఎర్ర ఇటుకలతో కట్టిన పెద్ద పెట్టె లాంటి భవనం కనిపిస్తాయి. 1908లో తెరిచిన నేషనల్ ఫార్మర్స్ బ్యాంక్ అది.

మొదటిసారి ఫొటోలో చూసినప్పుడు అది బ్యాంకని నాకు అనిపించలేదు. స్తంభాలు లేవు, ముందు మెట్ల వరస లేదు, త్రికోణం నెత్తి లేదు. వీధి వైపున్న రెండు గోడల్లోనూ ఒక్కొక్క మహా ఆర్చి, దాని నిండా రంగు అద్దాలు. పైగా ఆ సాదా గోడకు అంచుల్లో ఎవరో ఓపిగ్గా అల్లిక పని చేసినట్టు ఆకులు, తీగలు, చుట్టలు. దీన్ని కట్టినవాడు లూయీ సలివన్ అని తెలిశాక చిక్కు ఇంకా పెరిగింది. 'రూపం ఎప్పుడూ పనిని అనుసరిస్తుంది' అని 1896లో రాసి ఆధునిక వాస్తుశిల్పానికి తారకమంత్రం అందించిన మనిషి ఆయన. ఆ మాట పట్టుకునే తర్వాతి తరం వాళ్ళు గోడల మీద ఒక్క పువ్వు కూడా లేకుండా గీకేశారు. మరి మంత్రం చెప్పినాయనే పల్లె రైతుల బ్యాంకు మీద ఇన్ని పూలు ఎందుకు పూయించాడు? సెయింట్ లూయిస్‌లో, బఫలోలో ఆకాశహర్మ్యాలు కట్టిన చేత్తో అయిదారు వేల జనాభా ఉన్న ఊళ్ళో ఈ పెట్టెను ఎందుకు కట్టాల్సి వచ్చింది?

ముందు ఆ కాలపు ఊరి బ్యాంకు సంగతి తెలియాలి. అమెరికాలో డిపాజిట్లకు కేంద్ర ప్రభుత్వ బీమా వచ్చింది 1933లో. అంతకుముందు బ్యాంకు మునిగితే అందులో దాచుకున్న సొమ్ము తిరిగి వస్తుందన్న భరోసా చాలా చోట్ల ఉండేది కాదు. బ్యాంకులు కూడా ఎక్కువగా ఏ ఊరివి ఆ ఊరివే. 'ఆ బ్యాంకు పని అయిపోయిందట' అని ఒక మాట పుడితే చాలు, తెల్లారేసరికి తలుపు ముందు జనం. ఒవటోనా బ్యాంకు పని సాగుతున్న రోజుల్లోనే, 1907 అక్టోబరులో, న్యూయార్క్‌లో నికర్‌బాకర్ ట్రస్ట్ అనే పెద్ద బ్యాంకింగ్ సంస్థ కూలింది. ఆ టెన్షన్ దేశమంతా పాకింది. అలాంటి కాలంలో బ్యాంకు లెక్కల పుస్తకం రైతుకు కనపడదు, కనపడేది భవనం ఒక్కటే. కాబట్టి ఆ భవనమే 'నీ డబ్బుకు ఏం కాదు' అని చెప్పాలి.

ఆ మాట చెప్పడానికి అమెరికన్ బ్యాంకర్లకు తెలిసిన దారి ఒకటే, గ్రీకు గుడి. ఫిలడెల్ఫియాలో 1824లో పూర్తయిన సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్‌ను విలియం స్ట్రిక్‌లాండ్ ఏథెన్స్‌లోని పార్థెనాన్ నమూనాలోనే కట్టాడు. రెండు వేల ఏళ్ళుగా నిలబడ్డ రూపం కదా, బ్యాంకు కూడా అలాగే నిలుస్తుందని జనం అనుకోవాలి. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఈ మోజును రెండింతలు చేసింది. అక్కడ తెల్లగా మెరిసిన రోమన్ భవనాలు చాలా వరకు లోపల ఇనుము, కర్ర, పైన ప్లాస్టర్ పూత. అయినా వాటిని చూసి వచ్చినవాళ్ళు తమ ఊళ్ళలో కోర్టుకూ లైబ్రరీకీ బ్యాంకుకూ అవే స్తంభాలు కావాలన్నారు. ఆ ప్రదర్శనలోనే సలివన్ కట్టిన రవాణా భవనం మాత్రం రంగురంగులుగా, బంగారు ద్వారంతో వేరేగా నిలిచింది. ఈ ప్రదర్శన వల్ల కలిగిన నష్టం అర్ధశతాబ్దం పాటు ఉంటుందని ఆయన తర్వాత రాశాడు.

రోమన్ గుడి బ్యాంకుల మీద ఆయనకు మామూలు కోపం కాదు. 1901-02లో ఒక వారపత్రికకు వరసగా రాసిన వ్యాసాల్లో అలాంటి బ్యాంకు ఒకదాన్ని పట్టుకుని ఏకేశాడు. బ్యాంకు రోమన్ గుడిలా ఉంటే లోపలి బ్యాంకరు కూడా టోగా చుట్టుకుని, చెప్పులేసుకుని, లావాదేవీలన్నీ లాటిన్‌లో నడపాలి కదా అని ఆయన వెటకారం. వెటకారం సరే, అలా రాసేవాడికి బ్యాంకు పని ఎవరిస్తారు? నిజంగానే ఇవ్వలేదు. 1895లో భాగస్వామి డాంక్‌మార్ ఆడ్లర్ విడిపోయాక సలివన్‌కు పనులు తగ్గుతూ వచ్చాయి. లెక్కలూ ఇంజినీరింగూ ఖాతాదారులతో మాటలూ ఆడ్లర్ చూసుకునేవాడు. సలివన్‌కు చేతనైంది గీయడం, తగువు పడటం.

ఇలాంటి మనిషిని వెతుక్కుంటూ వచ్చినవాడు కార్ల్ బెన్నెట్. ఒవటోనా బ్యాంకుకు వైస్ ప్రెసిడెంట్, ప్రెసిడెంటు కొడుకు. హార్వర్డ్‌లో చదివాడు. సంగీతంలో స్థిరపడాలనుకున్నవాడు ఇంటి వ్యాపారంలోకి రావలసి వచ్చింది, అయినా ఊళ్ళో సంగీతం వదల్లేదు. కొత్త బ్యాంకు కట్టాలనుకున్నప్పుడు మామూలు గుడి నమూనాలు ఆయనకు నచ్చలేదు. 1906లో 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రికలో సలివన్ వ్యాసం ఒకటి చదివి, ఈయనే మా మనిషి అనుకుని కబురు పెట్టాడు. అప్పటికి సలివన్‌కు యాభై ఏళ్ళు. బెన్నెట్ అడిగింది కొంచెం వింతగానే ఉంది. రైతులు వచ్చి కూర్చుని ధరల గురించి మాట్లాడుకోవడానికి ఒక గది కావాలి. ఊళ్ళోకి సరుకులకు వచ్చే ఆడవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఇంకో గది. పాలు, వెన్నల మీద బతికే ఊరి బ్యాంకు అది. ఖాతాదారు బూట్లకు మట్టి ఉంటుంది. ఆ మట్టి బూట్లతో లోపలికి రావడానికి సంకోచించే చోటు కాకూడదన్నది ఆయన పట్టుదల.

సలివన్ ఇచ్చిన జవాబు ఆ పెట్టె. బ్యాంకు భాగం అడుగున 68 అడుగుల చదరం, ఎత్తు 49 అడుగులు. స్థలం మాత్రం 154 అడుగుల పొడుగు. మిగిలిన చోటులో పక్క వీధి వెంట తక్కువ ఎత్తులో దుకాణాలూ ఆఫీసులూ కట్టి అద్దెకిచ్చారు. ఈ ఏర్పాటు వెనక డబ్బు లెక్కతో పాటు కంటి లెక్క కూడా ఉంది. పక్కన కురచ కట్టడం ఉండబట్టే బ్యాంకు పెట్టె ఉన్నదానికన్నా పెద్దదిగా అనిపిస్తుంది.

స్తంభాల సాయం లేకుండా బలాన్ని ఎలా చూపించాడన్నదే దీంట్లో అసలు పనితనం. ఆర్చి వెడల్పు 36 అడుగులు. ఆర్చి తన మీది బరువును కిందికి మాత్రమే పంపదు, పక్కలకు కూడా నెడుతుంది. వంతెనల దగ్గర రెండు కొసలకూ బరువైన కట్టు ఉండేది అందుకే. ఈ గోడ మొత్తం వెడల్పు 68 అడుగులు, అంటే ఆర్చికి అటూ ఇటూ దాదాపు పదహారేసి అడుగుల వట్టి ఇటుక గోడ ఉంది. ఇంజినీరింగ్ తెలియనివాడి కన్నుకు కూడా ఆ తోపుడును ఆ మూలలు పట్టుకుని నిలబడ్డాయని అర్థమవుతుంది. ఆర్చి కింద ఎర్రటి ఇసుకరాతి అడుగు వరస, పైన ఇటుక వరసలు ఒకదాని కన్నా ఒకటి ముందుకు జరుగుతూ పేర్చిన బరువైన చూరు. అడుగూ నెత్తీ గట్టిగా ఉన్నాయి, మూలలు నిండుగా ఉన్నాయి. మధ్యలో మాత్రం ఇంత పెద్ద కన్నం పెట్టి అద్దంతో నింపాడు. డబ్బు దాచే చోటుకు ఇనప్పెట్టె గుణం, జనం వచ్చే చోటుకు వాకిలి గుణం ఒకే గోడలో వచ్చాయి.

ఇటుక గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫొటోల్లో ఇదే ఎగిరిపోతుంది. దూరం నుంచి ఒకటే ఎరుపుగా కనిపించేది దగ్గరికెళ్తే గోధుమ, ఊదా, కాషాయం ఛాయలుగా విడిపోతుంది. అచ్చులో నొక్కి నున్నగా తీసిన ఇటుకలు కావివి. మట్టిని గొట్టంలోంచి బారుగా తోసి తీగతో కోస్తే మొహం గరుకుగా వస్తుంది. బట్టీలో వేడి తగిలినదాన్ని బట్టి ఒక్కో ఇటుక ఒక్కో రంగు తేలుతుంది. నున్నటి ఇటుక కావాలనేవాడు ఆ తేడాలను లోపం అంటాడు. సలివన్ వాటిని కలిపి పేర్చమన్నాడు. 1910లో ఒక ఇటుకల కంపెనీ కోసం రాసినప్పుడు ఇలా కట్టిన గోడను పాత అనటోలియా తివాచీతో పోల్చాడు. తివాచీ పోలిక పట్టుకుంటే మొత్తం గోడ తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యలో నేత బట్ట, చుట్టూ అంచు. గోడ చుట్టూ పచ్చటి కంచు ఛాయలో టెర్రకోట పట్టీ, దాని వెంట నీలి, ఆకుపచ్చ కలిసిన సన్నటి మొజాయిక్ పట్టీ. పై మూలల్లో తీగలు చుట్టుకున్న పెద్ద టెర్రకోట పతకాలు. చీరకు అంచు ఎందుకని ఎవరూ అడగరు కదా.

టెర్రకోట అంటే కాల్చిన మట్టే, కానీ ఈ పని కుండ చేసినంత సులువు కాదు. కాగితం మీద గీసిన తీగను ముందు ఒక శిల్పి తడి మట్టిలో మలచాలి, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీయాలి, అచ్చులో మళ్ళీ మట్టి నొక్కాలి, ఆరబెట్టాలి, పూత పూయాలి, కాల్చాలి. ఆరి కాలేసరికి మట్టి అడుగుకు దాదాపు అంగుళం చొప్పున కుదించుకుపోతుంది. అందుకని మొదటి నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేసుకోవాలి, లేకపోతే గోడ మీద ముక్కకూ ముక్కకూ అతుకు కుదరదు. ఈ భవనం ముక్కలు షికాగో దగ్గరి అమెరికన్ టెర్రకోట కంపెనీలో తయారయ్యాయి. సలివన్ ఆకులను ఏళ్ళ తరబడి మట్టిలో మలచిన మనిషి నార్వేలో పుట్టిన క్రిస్టియన్ ష్నైడర్. ఒకసారి అచ్చు తయారైతే అదే ముక్కను ఎన్నిసార్లయినా నొక్కవచ్చు. రాతిలో చెక్కించాలంటే ఊరి బ్యాంకుకు తలకు మించిన ఖర్చయ్యే అలంకారం ఈ పద్ధతి వల్లే గోడకెక్కింది. అయినా మొత్తం ఖర్చు సుమారు లక్షా పాతిక వేల డాలర్లకు చేరింది. అంత చిన్న ఊరికి అది చిన్న మొత్తమేమీ కాదు.

లోపలికి వెళ్తే భవనం స్వభావం మారిపోతుంది. బయట ఎరుపు, లోపల పసుపూ ఆకుపచ్చా. నాలుగు గోడల్లోనూ నాలుగు పెద్ద ఆర్చీలు ఉంటాయి. వీధి వైపు రెండింటిలో లూయీ మిలే చేసిన రంగుటద్దాలు, మిగతా రెండింటిలో వియన్నాలో పుట్టిన ఆస్కర్ గ్రాస్ వేసిన కుడ్యచిత్రాలు. ఒక బొమ్మలో మేస్తున్న ఆవులు, ఇంకో దాంట్లో పంట కోతలు. గుడి బ్యాంకులో అయితే ఆ చోట గ్రీకు దేవత ఉండేది. ఇక్కడ ఖాతాదారు తల ఎత్తితే తన ఆవే కనపడుతుంది! పైకప్పు నుంచి నాలుగు పోత ఇనుము దీపాలు వేలాడుతుంటాయి, ఒక్కోదాని బరువు రెండు టన్నుల పైమాటే. దీపం అనే మాట వాటికి సరిపోదు, ఇనుముతో పండించిన అరటి గెలల్లా ఉంటాయి. కరెంటు దీపం అప్పటికి ఇంకా కొత్త సంగతి, ఆ కొత్త సంగతిని దాచకుండా ఊరేగించాడన్నమాట. 1908 వసంతంలో బెన్నెట్‌కు రాసిన ఉత్తరంలో సలివన్ ఈ రంగుల పొందికను ఒక సింఫనీలా చేయాలనుకుంటున్నట్టు చెప్పాడు. ఉత్తరం అందుకున్నది సంగీతం వదులుకుని బ్యాంకులో కూర్చున్న మనిషి. ఆ పోలిక ఎవరికి ఎలా తగులుతుందో తెలిసే రాశాడని నా అనుమానం.

ఇప్పుడు మంత్రం దగ్గరికి తిరిగి వద్దాం. సలివన్ 'పని' అన్న మాటను మనం వాడుక అని, ఉపయోగం అని చదువుతాం. తలుపు పని తెరుచుకోవడం, కిటికీ పని వెలుతురు ఇవ్వడం. ఆయన ఆ మాట రాసిన వ్యాసంలో ఉదాహరణలు చూస్తే తేడా తెలుస్తుంది. ఎగిరే గద్ద, విచ్చుకున్న ఆపిల్ పువ్వు, కొమ్మలు చాచిన ఓక్ చెట్టు, మెలికలు తిరిగే ఏరు. చెట్టు పని నీడ ఇవ్వడం అని ఆయన అనడం లేదు. చెట్టు పని చెట్టుగా ఉండటం, లోపలున్న బతుకు బయటికి ఆకారంగా రావడం. ఆ లెక్కన ఆకులు లేని చెట్టు పనిని అనుసరించినట్టు కాదు, ఎండిపోయినట్టు. భవనం విషయంలోనూ ఆయనకు అంతే. ముందు భవనం మొత్తం ఆకారం సరిగ్గా నిలబడాలి, అది నిలబడ్డాక దాని లోంచి మొలిచినట్టు అలంకారం రావాలి. ఒవటోనాలో మీరు గమనిస్తే తీగలు ఎక్కడపడితే అక్కడ పాకవు. గోడ ఆగే చోట, మూల తిరిగే చోట, ఆర్చి మొదలయ్యే చోట మొలుస్తాయి. మధ్య గోడ బోసిగానే ఉంటుంది. మంత్రాన్ని పొట్టి చేసి బోడి గోడలు కట్టినవాళ్ళు ఆయన శిష్యులమని చెప్పుకోవడం నాకు కొంచెం అన్యాయంగానే తోస్తుంది. ఆ బోడి గోడల్లో గొప్పవీ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇంతసేపూ 'సలివన్ కట్టాడు' అంటూ వచ్చాను. నిజానికి ఇక్కడ ఇంకో ముడి ఉంది. స్కాట్లాండ్‌లో పుట్టిన జార్జ్ గ్రాంట్ ఎల్మ్‌స్లీ దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర పనిచేశాడు. చివరి రోజుల్లో ఆఫీసు నడిచిందే ఆయన చేతుల మీద. ఒవటోనా అలంకారంలో చాలా భాగం, ఆ ఇనుప దీపాలతో సహా, ఎల్మ్‌స్లీ గీసినవే. అంతే కాదు, సలివన్ మొదట ఒక్కో గోడకు మూడు చిన్న ఆర్చీలు అనుకున్నాడనీ, ఒక్క పెద్ద ఆర్చి ఆలోచన తనదేననీ ఎల్మ్‌స్లీ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అది నిజమైతే మనం ఇంతసేపు మెచ్చుకున్న ఆ గోడ ప్రాణం గుమాస్తాదన్నమాట. సలివన్‌ను గురువుగా భావించేవాళ్ళకు ఇది మింగుడు పడదు. నాకు మాత్రం పెద్ద పేచీ కనిపించదు. ఆకు గీతలో ఎల్మ్‌స్లీ చెయ్యి కాస్త పదునుగా, జామెట్రీగా ఉంటుంది. కానీ ఆ భాష నేర్పినవాడు సలివన్, ఒవటోనాను నమ్మించి ఒప్పించినవాడూ ఆయనే. 1909లో జీతం ఇవ్వలేని స్థితి వచ్చి ఎల్మ్‌స్లీని పంపేయవలసి వచ్చింది. అదే ఏడాది సలివన్ తన పుస్తకాలూ కళావస్తువులూ వేలానికి పెట్టాడు. తన గొప్ప భవనాల్లో ఒకటి తెరిచిన ఏడాదికే!

తర్వాత ఆయనకు దక్కిన పనుల్లో ముఖ్యమైనవి ఇలాంటి చిన్న ఊళ్ళ బ్యాంకులే. అయోవాలోని సీడార్ ర్యాపిడ్స్, గ్రినెల్, ఒహాయోలోని న్యూఆర్క్, సిడ్నీ, విస్కాన్సిన్‌లోని కొలంబస్. మొత్తం ఎనిమిదింటిని కలిపి 'నగల పెట్టెలు' అంటారు. గ్రినెల్‌లో 1914లో కట్టినది చూడండి. దాదాపు వట్టి ఇటుక గోడ, తలుపు మీద మాత్రం ఒక టెర్రకోట చక్రం బాణసంచా పేలినట్టు. సిడ్నీ బ్యాంకు తలుపు పైన మొజాయిక్‌లో 'పొదుపు' అన్న ఒక్క మాట రాయించాడు. వీటిలో ఏదీ ఒవటోనా అంత దర్జాగా ఉండదు, అంత డబ్బు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. 1924లో షికాగోలో ఒక హోటల్ గదిలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు.

బ్యాంకు కథ ఇంకా చేదు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక పంటల ధరలు పడిపోయాయి. యుద్ధకాలంలో అప్పు చేసి భూములు కొన్న రైతులు కట్టలేకపోయారు. 1920లలో అమెరికా పల్లెల్లో వేల బ్యాంకులు మూతపడ్డాయి, 1926లో ఒవటోనా నేషనల్ ఫార్మర్స్ బ్యాంక్ కూడా వాటిలో చేరింది. రైతుకు ధైర్యం చెప్పడానికి కట్టిన గోడ ఎంత గట్టిగా నిలబడినా లోపలి ఖాతా నిలబడలేదు. దీన్ని చూపించి 'అంత డాబు ఎందుకు' అన్నవాళ్ళు ఉండే ఉంటారు. గ్రీకు గుడిలా కట్టిన బ్యాంకులు కూడా ఆ పదేళ్ళలో అలాగే మునిగాయని వాళ్ళకు గుర్తు చేయాలి. గోధుమ ధరను ఏ స్తంభమూ నిలబెట్టలేదు. బెన్నెట్ 1912లో తన సొంత ఇంటికి కూడా సలివన్ చేతే ప్లాను గీయించుకున్నాడు. ఆ ఇల్లు ఎన్నడూ కట్టలేదు.

భవనం మాత్రం చేతులు మారి మళ్ళీ బ్యాంకుగానే నడిచింది. 1940లో లోపల 'ఆధునికం' చేసే పేరుతో అసలు అమరికలో కొంత పీకి పారేశారు. అప్పటివాళ్ళ కంటికి అది పాతబడ్డ ఆకుల గోల. 1950లలో కొత్త యజమానులకు తమ చేతిలో ఉన్నదేమిటో తెలిసొచ్చి, హార్వెల్ హామిల్టన్ హారిస్ అనే వాస్తుశిల్పిని పిలిచి జాగ్రత్తగా సరిచేయించారు. 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. 1981లో అమెరికా తపాలా శాఖ వాస్తుశిల్ప వరసలో దీని బొమ్మతో 18 సెంట్ల బిళ్ళ వేసింది.

ఐ-35 మీద అటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అద్దాల గోడలు తూర్పుకూ దక్షిణానికీ ఉన్నాయి. పొద్దున పూట తూర్పు ఆర్చి లోంచి వచ్చే పచ్చటి వెలుగు పడమటి గోడ మీది బొమ్మ వైపు పడుతుంది, మధ్యాహ్నానికి దక్షిణపు అద్దం వంతు వచ్చి ఉత్తరపు బొమ్మ తేలుతుంది. సాయంత్రం వెళ్తే బయటి ఇటుక రంగు బాగుంటుంది కానీ లోపల దీపాల మీదే ఆధారపడాలి. వారం మధ్యలో, పదిగంటల వేళకు చేరుకునేలా బయలుదేరండి.